తాడెక్కితే గారు లేదు

నవంబరు 3, సోమవారం

మా కడియం నర్సరీకి కొత్త పిచ్చి పట్టింది. వెనక ఖాళీ స్థలంలో స్తంభాలు పాతి తాళ్లు కట్టారు. స్టాఫంతా ప్రతి శనివారం వాటి మీద వేలాడాలట. ధైర్యం పెరుగుతుందట, ఐకమత్యం కూడానట. మేనేజరు పల్లంరాజు గారి ఆజ్ఞ.

విశాఖ నుంచి కిరణ్ అనే ట్రైనర్ దిగాడు. అతని మొదటి రూలు: తాడెక్కితే గారు లేదు, అండి లేదు. పేరు పెట్టి పిలవాలి, ఒక్క మాటలో చెప్పాలి. రా. ఆగు. వద్దు.

నాకు చేతకానిది సరిగ్గా అదే! పల్లంరాజు గారు "ఆదివారం కాస్త రామ్మా" అంటే చాలు, నా నోరు నన్నడక్కుండానే "సరేనండి" అనేస్తుంది. 23న మా చర్చిలో కోత పండుగ. ఇన్నాళ్లూ క్వయర్‌లో వెనక వరసలో నిలబడ్డ నాకు మొదటిసారి ఒక చరణం ఒంటరిగా పాడమని ఇచ్చారు. ఆ రోజు పనికి రమ్మంటే చచ్చినా రాను.

అందుకే నిర్ణయం. తాడెక్కుతాను. భయం వదిలించుకుంటాను. రానని పల్లంరాజు గారి మొహం మీదే చెప్తాను. (గారు కొట్టేశాను.)

8, శనివారం

ఎక్కాను! నిచ్చెన మూడో మెట్టు దాకా. అక్కడ నాకు లారీ బిల్లు గుర్తొచ్చి దిగిపోయాను. డ్యూటీ ముఖ్యం.

లారీల గుమస్తా అప్పారావు గారు తాడు వంతెన మీద నడుస్తుంటే కాలి కింద ముడి జారింది. "అప్పారావు గారూ, తమరు కొంచెం ఎడం పక్కకి జరుగుతారాండీ" అని మేం మర్యాదగా చెప్పేలోపే ఆయన తలకిందులుగా వేలాడుతున్నారు. నడుముకి పట్టీ ఉంది కాబట్టి సరిపోయింది. కిరణ్ తల పట్టుకున్నాడు.

12, బుధవారం

ఇంట్లో అద్దం ముందు ప్రాక్టీసు. "పల్లంరాజు, రాను." బాగా వచ్చింది. అమ్మ విని, ఎవర్నే ఆ తిట్లు అంది.

15, శనివారం

హెల్మెట్ పెడితే తలనొప్పి. పైగా పైనుంచి అరిస్తే గొంతు పాడవుతుంది, పాడాల్సిన గొంతు. కాబట్టి కింద ఉండి, ఎక్కేవాళ్ల నడుముకి కట్టిన తాడు పట్టుకునే పని తీసుకున్నాను. అదీ ధైర్యమే.

సాయంత్రం పల్లంరాజు గారు రేపు బెంగళూరు లోడుందన్నారు. సరేనండి అన్నాను.

16, ఆదివారం

లోడు పంపాను. క్వయర్ ప్రాక్టీసు పోయింది. క్వయర్ నడిపే శ్యాంబాబు గారు ఫోన్ చేసి, పండుగ నాడు కూడా రాకపోతే చరణం మెర్సీకి ఇస్తానన్నారు. నా మీద నాకే అసహ్యం వేసింది.

22, శనివారం

ఆఖరి శిక్షణ. పల్లంరాజు గారు ఎత్తు స్తంభం ఎక్కారు. అక్కణ్ణుంచి దూకి ఎదురుగా వేలాడే కర్రని పట్టుకోవాలి. ఆయన కొయ్యబారిపోయారు. కింద కిరణ్, అతని వెనక నేను తాడు పట్టుకున్నాం.

దూకలేక కాలయాపనకి ఆయన ఆఫీసు విషయాలు మొదలెట్టారు. "ఆశాజ్యోతీ, రేపు కూడా నువ్వే చూసుకోవాలమ్మా."

ఇదే సమయం అనుకున్నాను. మనిషి పైన, తాడు నా చేతిలో. గట్టిగా అరిచాను, "పల్లంరాజూ..." అందరూ నావైపు తిరిగారు. "...గారూ, రానండి!"

అదే క్షణంలో రోడ్డు మీద లారీ హారన్ కొట్టింది. ఆయనకి "రండి" అని వినపడింది. కళ్లు మూసుకుని దూకేశారు. కర్ర దొరికింది.

చప్పట్లు. దిగాక ఆయన కళ్లలో నీళ్లు. "ఇంతమందిలో నన్ను రండి అని పిలిచింది ఈ పిల్లొక్కతే" అన్నారు. నేను, అది కాదండి అన్నాను. ఎంత వినయమో చూడండని అందరికీ చూపించారు. ఇక నుంచి ఆదివారాలకి నేనే ఇన్‌చార్జినట. నాకు శాలువా కప్పారు.

23, ఆదివారం

కౌంటర్లో ఉన్నాను. మా చర్చి మైకు ఇక్కడికి వినిపిస్తుంది. నా చరణం మెర్సీ పాడింది. బాగా పాడింది, అదే ఏడుపు. బంతి మొక్కల చాటుకెళ్లి కాసేపు ఏడ్చాను.

ఇక చాలు. కళ్లు తుడుచుకుని పల్లంరాజు గారికి ఫోన్ చేశాను. పై ఆదివారం గురించండీ అన్నాను. చెప్పమ్మా అన్నారు. ఈసారి పొరపాటు పడకూడదని అండి మింగేసి, విస్పష్టంగా, రెండుసార్లు చెప్పాను.

"రాను, రాను."

"అవునమ్మా, రాను రాను అన్నీ నీకే అలవాటైపోతాయి" అని మెచ్చుకుని పెట్టేశారు.

సోమవారం నుంచి కొత్త నిర్ణయం. ఒక్కసారే చెప్పాలి.