నీళ్లు లేని బావిని పూడ్పించమని

పులివెందుల తాలూకా,
తేది 12-5-1962.

బ్లాకు డెవలప్‌మెంటు ఆఫీసరు గారి సముఖమునకు, ఏసుపేట కాపురస్తుడు, ఇమ్మానుయేలు కుమారుడు దేవపాలు వ్రాసుకొన్న అర్జీ.

అయ్యా,

విషయం: నా చేనులోని ఎండిన బావిని సర్కారు కూలీలతో పూడ్పించవలెనని కోరుట.

1. సదరు బావిని కరువు కాలంలో మా నాయన, నేను తవ్వినాము. దాని కింద రాగులు, వంకాయలు పండించుకొని నేను, నా భార్య దీవెనమ్మ, మా కూతురు సరోజ బ్రతికినాము. ఒకరి చేనికి కూలికి పోయినవారము కాము.

2. మా పక్క చేను ఆసామి ఓబుళరెడ్డి గారు సర్కారు అప్పుతో ప్రొద్దుటూరు నుంచి ఆయిల్ ఇంజను తెచ్చి, తూటాలు పేల్చి తమ బావిని లోతు చేయించి, చీనీ, అనగా బత్తాయి తోట పెట్టినారు. మా బావిలో నీళ్లు దిగిపోసాగినవి. నేను కూడా ఇంజనుకు దరఖాస్తు పెట్టుకొన్నాను. ఆఫీసులో గుమాస్తా గారు, "నీకుండే చేను శానా తక్కువప్పా. ఇంత చేనుకు అప్పు ఇయ్యరు" అన్నారు. మరుసటి ఏడు చిన్నరైతులకు కూడా ఇస్తున్నారని విని మళ్లీ పోయినాను. వారే వచ్చి బావిలోకి తొంగి చూచి, "నీళ్లు లేని బావికి ఇంజనేందప్పా?" అన్నారు. రూలు ప్రకారమే చెప్పినారు.

3. అందుచేత నేను, నా భార్య కలిసి బావిని లోతు చేయ మొదలుపెట్టినాము. ఒకనాడు గడ్డపార వేస్తుండగా నా నడుము పట్టుకొన్నది. "నువ్వు పైకి పో మామా. నేను మన్ను ఎత్తుతా, నువ్వు గంప లాగు" అని నా భార్య అన్నది. నేను పైకి వచ్చినాను. పక్క బావిలో తూటా పేలింది. మా బావి దరి జారి ఆమె మీద పడింది. ఆ తూటా వల్లనే జారిందో, మా దరి మెత్తగా ఉన్నందువల్ల జారిందో నాకు తెలియదు. ఎవరి మీదా ఫిర్యాదు లేదు. రెడ్డిగారి బండిలోనే ఆమెను జమ్మలమడుగు ఆసుపత్రికి తీసుకొనిపోయినాము. దారిలో, "పాప ఏమన్నా తినెనా?" అని అడిగింది. తినిందని చెప్పినాను. తినలేదు. ఆసుపత్రి చేరక మునుపే ప్రాణం పోయింది.

4. శవానికి నీళ్లు పోసేందుకు రెడ్డిగారు ఇంజను వేయించినారు. సమాధి దినము గడిచిన పిమ్మట, "రేపట్నుంచి ఇంజను కాడ ఉండు దేవపాలూ, ఏం జేస్తావు ఇంక" అన్నారు. ఉంటున్నాను. మొన్న తమరు ఆ తోటను చూడ వచ్చి, "ఈ ప్రాంతంలో రైతుల ఆదాయం బాగా పెరిగిందండీ" అన్నారు. తోట ఆదాయం పెరిగిన మాట వాస్తవమే. తమకు చీనీరసం అందించినవాడను నేనే. "ఈయనెవరు?" అని అడిగితిరి. "మా ఇంజను మనిషి సార్" అని రెడ్డిగారు చెప్పినారు.

5. నేను ఇంజను దగ్గరికి పోయిన వెంటనే నా కూతురు బావి కాడికి పోతున్నది. "యాడికి పోతాండావు పాపా?" అంటే "ఊరికే చూసొస్తా నాయనా" అంటుంది. ఏమి చూస్తుందో చెప్పదు. దరి ఇంకా జారుతున్నది. ఒక గంప మన్ను పోసి చూచినాను. రెండో గంప ఎత్తలేకపోయినాను. ఒంట్లో జబ్బేమీ లేదు. ఏడుపు కూడా రాదు.

కాబట్టి ఇంజను గాని, అప్పు గాని, నష్టపరిహారం గాని నేను అడగడం లేదు. పాప పడక ముందే సదరు బావిని పూడ్పించేటట్లు ఉత్తరువు దయచేయుటకు ఇంతమాత్రం చిత్తగించవలెను.

తమ విధేయుడు,
దేవపాలు (వేలిముద్ర)

తా.క. పై అర్జీ వ్రాసిన మౌలాలి సాయిబు అంతా చదివి వినిపించి, ఇంకేమైనా ఉందా అని అడిగినారు. నేను చెప్పింది ఆయన అట్లే వ్రాసినారు: "ఆ పనికి నన్ను కూలికి పిలవొద్దు సార్. ఇంకెవురినైనా పిలవండి."