రాజవ్వ వెండి బిళ్ల

తమ్ముడు మల్లేశానికి మీ అన్న రాజలింగు దీవించి రాసేది.

నేనిక్కడ మంచిగనే ఉన్న. నువ్వు, మరదలు, పిల్లలు మంచిగున్నరని తలుస్త. నా అచ్చరాలు గొర్రుతోని దున్నినట్టుంటయ్, ఎట్లన్న సదువుకో. ఇంకొకనితోని రాయించ, ఇది మనింటి ముచ్చట.

కాగజ్‌నగర్‌ల సలి బాగున్నది. గాలి ఇటు తిరిగితె మిల్లు వాసన అన్నంల గూడ వస్తది. పని తక్వనే, ఒక ఇంజినీరు సాబు కారు తోలుడు, తుడుసుడు. నా ఫికర్ చెయ్యకు.

గా సాబు డ్యూటీ నుంచి వచ్చి ఇంట్లకు పోడు. షెడ్డుల కారెక్కి అద్దాలు మూసుకోని కూసుంటడు. స్టీరింగును ఆడదాని ఈపు నిమిరినట్టు నిమురుతడు. పెండ్లాం కొత్త పిల్ల. మొన్న బట్టలు ఆరేసుకుంట నన్నడిగింది.

"తాతా, నువ్వు గూడ డ్రైవరువే గద. నాకాడ లేనిది దాంట్ల ఏమున్నది?"

"అది ఎదురు మాట్లాడది బిడ్డా."

"నేను గూడ మాట్లాడుడు బంద్ చేసిన. అయినా ఇంట్లకు వస్తలేడు."

కారుకు పేరు మాత్రం పెట్టకు బిడ్డా అని చెప్పి వచ్చిన.

మీ వదినె రాజవ్వ మన కారుకు పేరు పెట్టింది గద. మన అంబాసిడర్ పెండ్లికి ముందే తెస్తినాయె, రాజవ్వ దాన్ని పెద్దక్క అంటుండె. "పెద్దక్కకు తానం పోసుడయిందా? జర నా దిక్కు గూడ సూడు" అని నవ్వుతుండె. నాకు అప్పుడు సిగ్గు లేదు, ఇప్పుడు లేదు. రాజవ్వ పక్కల పండుకున్నా నాకు ఇంజను సప్పుడే ఇనిపిస్తుండె. బానెట్టు మీద చెయ్యేస్తె ఎచ్చగ, మనిషి ఒళ్లు లెక్కనే ఉంటుండె.

నీకాడ ఇడిసొచ్చిన మన అంబాసిడర్ కొననీకి వేములవాడాయన బేరానికొచ్చిండని, కారు స్టార్టయితది గని గేటు దాటుతలేదని రాసినవ్. మెకానిక్ అన్ని సూసి ఏం లేదన్నడని, మరదలు "రాజవ్వక్క పోనిస్తలేదు" అంటున్నదని రాసినవ్. నవ్వుదమనుకున్న, నవ్వు రాలే. ఈడ సాబు కారు ఎనుక సీటు తుడుస్తుంటె నాకు రాజవ్వ కొబ్బరినూనె వాసన వస్తది. ఆమె ఈ కారు మొకమే సూడలే.

రెండో పెండ్లి చేసుకున్నోడు సచ్చిపోయిన మొదటామె పేరు మీద వెండి బిళ్ల చేపిచ్చి కొత్తామె మెడల కడ్తడు గద, మొదటామె మీదికి రావొద్దని. రాజవ్వ పోయినంక ఇగ ఈ కారే నా పెండ్లాం అని, ఆమె పేరు బిళ్ల స్టీరింగు మెడకు కట్టిన. మీరంత నవ్విండ్రు గని ఎవ్వలు ఆపలే. వరుస తప్పింది తమ్మీ. కారు మొదటిది, రాజవ్వ ఎనుకొచ్చింది. పెద్దదాని మెడల సిన్నదాని బిళ్ల ఎవడన్న కడ్తడా? బతికినన్ని దినాలు దానితోని పడకపాయె, సచ్చినంక తీస్కపోయి దానికే కట్టేస్తి. ఇగ ఆమె ఎటు పోతది?

బిళ్ల ఇప్పుండ్రి. నువ్వు ముట్టకు, మరదలుతోని ఇప్పించు. బొట్టు పెట్టి "అక్కా, బావ పిలుస్తుండు, పోదాం పా" అనుమను. చింతకాయ తొక్కు పంపుతనంటివి గద, దాంతోనే బిళ్ల గూడ పంపు. నా మెడల్నే కట్టుకుంట. ఇద్దరికి మొగణ్ణి నేనే.

గేటు దాటితె కారు వేములవాడాయనకు ఇచ్చెయ్. పెద్దబాపుకు దండాలు చెప్పు, పిల్లలకు నా దీవెన.

మీ అన్న
రాజలింగు

బిళ్ల ఇప్పినంక గూడ కారు కదలకపోతె, పోనియ్యంది రాజవ్వ కాదు. పెద్దదే నాకోసం నిలబడ్డట్టు. గప్పుడు నాకు ఉత్తరం రాయకు. ఉత్తరం రాకుంటె నేనే సమజ్ చేసుకోని బయలెల్లి వస్త.