అట్ట మీద పాట

చెల్లాయికి, అక్క దీవించి రాయునది. నీ మోకాళ్ళు ఎలా ఉన్నాయో ఏమో.

మా మనవరాలు కంచం ముందు కూడా బల్ల మీద వేళ్ళు ఆడిస్తుంటే, నరాల జబ్బని హడలిపోయి డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళానే. తీరా చూస్తే అది పాట సాధనట! మీ ఊరి సర్కారు బడికి తల్లిదండ్రులు చందాలేసుకుని కీబోర్డులు కొన్నారు. మాదీ సర్కారు బడే, కానీ మాకంత స్తోమతేదీ? మా టీచరమ్మ అట్టల మీద కీబోర్డు మెట్లు గీసి, తను నోటితో పాడుతూ నేర్పింది, మహాతల్లి! నిన్న మీ బడిలో పోటీకి వెళ్ళాం, నీ ఇంటికి రావడానికే వీలు కాలేదు. మొదటి మెట్టు మోగేసరికి పిచ్చిది ఉలిక్కిపడి చెయ్యి లాక్కుంది. టీచరమ్మ తలూపగానే పాటంతా తప్పు లేకుండా వాయించేసింది.

ఇవాళ అట్ట ముందు కూర్చుని, "నిన్నటిదాకా ఇది మోగేది అమ్మమ్మా, ఇప్పుడు మోగట్లేదు" అంటోంది. నీ కోడలు మీ బడి కమిటీలో ఉందిగా, వారానికో గంట మా పిల్లల్ని రానిమ్మని అడగవూ?