ఆర్కిడ్ కుండీలో కాఫీ

నాయనా,

నువ్వు పోయి నేటికి ఏడాది. నువ్వు ఏటా చేసినట్టే బొగ్గులు, పెంకు ముక్కలు కడిగి మళ్ళీ వాడదామని నిన్న నీ ఆర్కిడ్ కుండీ తిరగేశాను. ఛీ! గుప్పున పులిసిన పాల కంపు. కొబ్బరి పీచు నిండా తెల్లటి పురుగులు. వేళ్ళు పట్టుకుంటే చీమిడిలా జారిపోయాయి. రెండుసార్లు వాంతి చేసుకున్నాను.

మిగిలిన మొక్కను కడిగి నీడలో వేలాడదీశాను. పీచు పారేసి, బొగ్గులూ పెంకులూ మరగబెట్టాను. మూడుసార్లు నీళ్ళు మార్చినా కంపు పోలేదు.

"దీంట్లో ఏం పోసినావమ్మా?" అని అరిచాను.

"పొద్దున్నే కాఫీ లేకుంటే మీ నాయనకు తలనొప్పి వచ్చాది గదా. దినామూ ఒక గలాసు పోస్తా ఉండాను" అంది అమ్మ.

"పాలు పోస్తే కుళ్ళదా? బుద్ధుండాదా నీకు?"

అమ్మ ఖాళీ కుండీని తీసుకెళ్ళి మళ్ళీ దాని చోటనే పెట్టింది.

ఈ పొద్దున చూస్తే ఖాళీ కుండీ ముందు గ్లాసు పట్టుకుని నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచో, కాఫీ మీద మీగడ కట్టేసింది. అసహ్యంతోనే లాక్కుని నేను తాగేశాను. మీగడ నాలుకకు అతుక్కుంది.

చక్కెర వేయలేదు నాయనా. నీకు షుగరని ఆమె ఇంకా మరచిపోలేదు.