మూత తీసిన పుణ్యం

ఎలోడీ వదినా,

నువ్విక హ్యూస్టన్‌నుంచి హడావిడిగా రానక్కర్లేదు. మామయ్య మాట్లాడారు! అత్తయ్యను సమాధి చేసినప్పటినుంచీ నోరు విప్పని మనిషి.

నిన్న అత్తయ్య ఇనప మూకుడులోనే సాసేజ్ ముక్కలు ఎర్రగా వేయించి, ఉల్లిపాయలు, సెలరీ, క్యాప్సికం మగ్గాక బియ్యం, నీళ్లు పోసి మూతపెట్టాను. అడుగంటుతుందేమోనని మూత తీసి గరిటె పెట్టానో లేదో, వెనకనుంచి ఒక్క కేక.

"ఓసి పిచ్చిమొద్దూ! ఉడికే అన్నాన్ని కెలుకుతావా? మీ అత్త చూస్తే గరిటె లాక్కుని బయటికి తరిమేది!"

అన్నం ముద్దయింది. తిట్టుకుంటూనే రెండు పళ్లాలు తిన్నారు, మాడుచెక్క కూడా గీక్కుని.

ఈవేళ తనే పొయ్యి వెలిగించారు. ఈ ఉత్తరం వాకిటి మెట్లమీద కూర్చుని రాస్తున్నాను. నన్ను వంటింట్లోకి రానివ్వడంలేదు.

నీ మరదలు