గ్రౌండ్‌లో తేలిన ఆకాశం

ఏప్రిల్, మంగళవారం రాత్రి

అకాల వాన సాయంత్రానికి వెలిసింది. హాస్టల్ మెట్ల నుంచి గేటు దాకా కాలేజీ గ్రౌండంతా నీళ్ళే. అందులో మబ్బులు కదులుతుంటే మా భవనమే ఎటో తేలిపోతున్నట్టనిపించింది. పక్క కల్లాల్లో ఆరబోసిన మిరపకాయలు కొట్టుకొచ్చి ఎర్రగా తిరుగుతున్నాయి. ఎవరి పంటో పాపం...

నా రూమ్మేట్ రమ్యది పొదిలి. ట్యాంకర్ నీళ్ళతో పెరిగిన పిల్ల. నిద్రలో నడిచినట్టు మెట్లు దిగి నీళ్ళలోకి వెళ్ళింది.

"ఆగవే! మెట్ల పక్కనే మురుక్కాలవ ఉంది!" అని అరిచాను.

"మోకాలి లోతేనే. నువ్వూ రా, ఎంత చల్లగా ఉందో!"

అంటూనే నడుం దాకా దిగబడిపోయింది. కాలవ మీది మూత అప్పటికే కొట్టుకుపోయింది. నేను మెట్ల రెయిలింగ్ పట్టుకుని, దాని చెయ్యి అందుకుని, బలమంతా పెట్టి లాగాను.

వార్డెన్ మేడం కరెంటు మెయిన్ ఆపించి, "నీళ్ళు తీసేదాకా ఎవరూ కిందకి దిగొద్దమ్మా" అంటూ అందర్నీ పై అంతస్తుకి పంపారు.

గీసుకుపోయిన కాలికి నేను మందు రాస్తుంటే రమ్య మెల్లగా అడిగింది. "మళ్ళీ అంత అందంగా కనిపిస్తే ఏం చెయ్యాలే?"

కట్టు కట్టి దాన్ని పడుకోబెట్టాను. ఇప్పుడు కిటికీలోంచి చూస్తే చంద్రుడు గ్రౌండ్ మధ్యలో ఉన్నాడు. నాకూ దిగాలనే ఉంది.