దుప్పటి కింద కాలు

ఫిబ్రవరి 9
తుఫాను వెళ్లి నాలుగో రోజు. చర్చి ముందు మెడికల్ టెంట్ వేశాం. టోంగాలో ఈ దీవి నా పుట్టిల్లని టీమ్‌లో నర్సుగా నన్నే వేశారు. అరవై మంది వచ్చారు. అన్నీ రేకుల గాయాలే. మా అన్నయ్య కెలేపి మాత్రం రాలేదు. రేకు దిగి పాదం చీరుకుపోయిందట. ఆకు పసరు కట్టుకుని పడుకున్నాడట. చెల్లెలి ముందు కాలు చాపుకుని కూర్చోమంటావా, సిగ్గూ శరం లేదా అని వదినని కసిరాడట.

తప్పు ఆయనది కాదు. నాకు పన్నెండేళ్లు వచ్చాక మేమిద్దరం ఒక గదిలో కూర్చున్నది లేదు. ఇక్కడ అన్నాచెల్లెళ్ల మర్యాద అంతే.

ఫిబ్రవరి 10
డాక్టర్ హెలెన్‌ది న్యూజిలాండ్. నర్సువి కదా, అన్న కాలు చూస్తే కొంప మునుగుతుందా అంది. ఒళ్లు మండింది. అయినా పద, వాళ్లింటికే వెళ్దాం అని ఆవిడే అంటే, ఆవిడకి భాష రాదని నేనూ బయల్దేరాను. బుద్ధి లేనిదాన్ని! నన్ను చూడగానే అన్నయ్య కుంటుకుంటూ పడవల షెడ్డులో దూరి గడియ పెట్టుకున్నాడు. రేపు నేనొక్కదాన్నే వస్తాలే అంది డాక్టర్.

ఫిబ్రవరి 11, ఉదయం 6
పక్క దీవిలో ఎవరికో కాన్పు కష్టమైందని రేడియోలో కబురు. డాక్టర్ పడవెక్కింది. రెండు రోజులకి గానీ రాదు. ఇక్కడ ఇంజెక్షన్ వెయ్యడం వచ్చింది ఇక నాకొక్కదానికే.

ఉదయం 9
వదిన పరుగున వచ్చింది. అన్నయ్యకి ఒళ్లు కాలిపోతోందట. గాయం నుంచి పాకిన ఎర్రటి గీత మోకాలు దాటిందట. ఇవాళ ఇంజెక్షన్ పడకపోతే కాలు పోతుంది. మనిషే పోవచ్చు. భయమేసింది. ఏడ్చాను కూడా.

తర్వాత లేచి టెంట్‌కి అడ్డంగా దుప్పటి కట్టాను. అవతలి పక్కకి అన్నయ్యని కాదు, ఎవరో జాలరిని తీసుకురా, పేరడగను, మొహం చూడను అని వదినకి చెప్పాను.

సాయంత్రం
దుప్పటి కింద నుంచి కాలొకటి వచ్చింది. ఒకటే కంపు. చీము తీశాను, కడిగాను, కట్టు కట్టాను. ఇంజెక్షన్‌కి చెయ్యి కావాలని వదినతో అంటే చెయ్యీ వచ్చింది. రిజిస్టర్‌లో పేరు దగ్గర జాలరి అని రాశాను.

వెళ్తూ వెళ్తూ, నర్సమ్మగారికి దండాలు చెప్పవే అని వదినతో అన్నాడు. దండాలట! నవ్వొచ్చింది, మళ్లీ ఏడుపొచ్చింది.

ఫిబ్రవరి 13
జ్వరం దిగింది. డాక్టర్ తిరిగొచ్చి ఈ దుప్పటేంటి అంది. జాలరి కోసం అన్నాను. వదులైన దుప్పటి ముడి తనే బిగించింది.

ఫిబ్రవరి 15
ఈరోజు కట్టు మార్పించుకోడానికి ఆ కాలు దుప్పటి కిందికి తనే నడిచి వచ్చింది.